కుడి అంచు

ఫిబ్రవరి 5, 2023. స్కార్‌బరో

పుస్తకం అయిపోయింది. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నేనే కూర్చి కట్టాను. ఈ మాట బయట అంటే గొప్పలు పోతోందంటారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ఇక్కడ ఎంత గొప్ప పోయినా అడిగేవాళ్లు లేరు.

నవంబర్లో మార్ఖమ్‌లో ఒక రిసెప్షన్‌కి కేటరింగ్ వాళ్ల తరఫున వడ్డనకి వెళ్లాను. మూడో టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ మెనూ కార్డు కంటికి ఆనించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "బంగారు రంగు మీద తెల్లక్షరాలేమిటమ్మా, ఎవరు చదవాలని?" అన్నారు. ఊరుకోవచ్చు. నేనెప్పుడు ఊరుకున్నాను గనక. "మా నాయన చేసుంటే ఇట్ల ఉండకపోవు ఆంటీ, మాది హుజూరాబాద్‌ల డీటీపీ షాపు" అన్నాను. ఏ అక్షరం ఏ కాగితానికి నప్పుతుందో కూడా చెప్పాను. పప్పు గరిటె చేతిలో ఉండగానే నాకు ఈ పని దొరికింది.

ఆవిడే పద్మిని గారు. లండన్‌లో పెద్దాసుపత్రిలో నలభై ఏళ్లు మత్తు డాక్టరుగా చేశారు. లండన్ అంటే మా అమ్మ ఇంకా ఇంగ్లండే అనుకుంటోంది. ఇది ఒంటారియోలో ఉన్న లండన్, ఇక్కణ్ణుంచి బస్సులో ఒక పూట. పుస్తకం పేరు 'నిద్రపుచ్చే పని'. ఆవిడ చెబుతుంటే భర్త సీతారామారావు గారు టైపు చేశారు. ఎందుకంటే ఆవిడకి చూపు మధ్యలో మసక. చుట్టూ కనిపిస్తుంది, చూడాలనుకున్న చోటు మాత్రమే కనిపించదు. అందుకే అచ్చు పుస్తకం వద్దన్నారు, అక్షరం ఎంత కావాలంటే అంత పెరిగే ఈ-బుక్ కావాలన్నారు. తన పుస్తకాన్ని ఆవిడ ఇంతవరకు తన కళ్లతో చదువుకోలేదు. ఏప్రిల్లో లండన్‌లో ఉగాది సభ ఉంది. అక్కడ స్టేజీ మీద ఒక పేజీ తనే చదువుతారట. "పక్కన నిలబడి ఎవరూ అందించక్కర్లేదు" అన్నారు. నాకు ఆవిడ అక్కడే నచ్చేశారు.

ఫిబ్రవరి 6

నిన్న నిద్రొచ్చి సగంలో ఆపేశాను. అసలు గొప్ప ఇప్పుడు రాస్తాను.

ఈ-బుక్ అంటే పేజీ కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు డిసెంబరంతా పట్టింది. నాయన దగ్గర పేజీ అంటే పేజీ, కట్టాక కదలదు. వరుస చివర మాట పట్టకపోతే నాయన చేత్తో విరిచి చిన్న గీత పెడతాడు. నేనూ మొదటి రెండు అధ్యాయాలు అలాగే గీతలు పెట్టుకుంటూ వెళ్లాను. తర్వాత ఈ-రీడర్‌లో అక్షరం కాస్త పెంచి చూద్దును కదా, మాటలన్నీ జరిగిపోయి నా గీతలు వరుసల మధ్యలో తేలాయి. 'ఆసు-పత్రి', 'మెల-కువ'. నా రూమ్మేట్ ఇషిత పొట్ట పట్టుకుని నవ్వింది. గీతలన్నీ ఒక్కొక్కటే ఏరి పారేశాను. నాయనకు తెలియని సంగతి నేను నేర్చుకున్నానంటే మాటలు కాదు.

కుడి అంచు మాత్రం వదల్లేదు. ఎడమ అంచు ఎవరికైనా తిన్నగానే వస్తుంది. కుడి అంచు తిన్నగా రావడంలోనే పనితనం ఉంది. నాయన ప్రింటు తీసిన ప్రతి కాగితానికీ కుడివైపు స్టీలు స్కేలు పెట్టి చూస్తాడు. పెళ్లికార్డు కానీ, ఎలక్షన్ పాంప్లెట్ కానీ, స్కేలు చూడకుండా షాపు దాటదు. నేను స్కూలు నుంచి వచ్చి స్టూలెక్కి కూర్చుని చూసింది అదే.

ఈ-రీడర్ సెట్టింగ్స్‌లో గీతల బొమ్మలు ఉంటాయి. ఒకటి నొక్కితే రెండంచులూ తిన్నగా వస్తాయి. ఇంకోటి నొక్కితే ఎడమ మాత్రం తిన్నగా, కుడివైపు ఎగుడుదిగుడుగా. ఎవరైనా తెలియక ఆ రెండోది నొక్కితే నా పని ఏమైపోవాలి? అందుకని పుస్తకం లోపలే ప్రతి పేరాకీ రెండంచులూ తిన్నగా అని రాసి, చివర 'ఇంపార్టెంట్' అనే మాట తగిలించాను. కోడ్‌లో ఆ మాట పెడితే ఇంకెవరు ఏం చెప్పినా వినొద్దని అర్థం. ఇప్పుడు ఏ బొమ్మ నొక్కినా నా అంచు కదలదు. నేనే మళ్లీ మళ్లీ నొక్కి చూశాను. కదల్లేదు. ఎంత సంతోషమేసిందో.

నాయనకు ఫొటో పంపాను. ఫోన్ స్క్రీన్ మీదే స్కేలు పెట్టి చూశాడట. "సీదా ఉన్నది బిడ్డా. కత్తితోని కోసినట్టున్నది" అన్నాడు. షాపుకి వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నాడని అమ్మ చెప్పింది. మా నాయన ఒకరి పనిని బాగుందనడం నేను ఇంతకు ముందు వినలేదు.

ఫిబ్రవరి 12

ఫైల్ పంపాను. రేపు మిడ్‌టర్మ్. చదవాలి గానీ నా పుస్తకమే తెరిచి చూసుకుంటున్నాను.

ఫిబ్రవరి 19

పద్మిని గారి నుంచి కబురు లేదు. పెద్దావిడ కదా, నిదానంగా చదువుతుంటారు.

ఫిబ్రవరి 21

కబురు లేదు. నేనేం ఎదురుచూడట్లేదు.

ఫిబ్రవరి 24

ఫోన్ వచ్చింది. మంచు బాగా పడి బస్సులు ఆగిపోయి, కాఫీ షాపులో షిఫ్టు అయ్యాక బస్టాపులో నిలబడి ఉన్నాను.

"వర్షా, పుస్తకం ఆపేద్దామమ్మా" అన్నారు.

ఎందుకని అడిగాను.

"నేను రాసింది నాకే అర్థం కావట్లేదు. వాక్యాలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. నేను ఇలా చెప్పానా అని మా ఆయన్ని అడిగితే అలాగే చెప్పావంటున్నారు. ఇది నలుగురి ముందు పెట్టే పుస్తకం కాదు."

"లేదాంటీ, నేను రెండుసార్లు చదివిన. చాలా బాగుంది. మళ్లీ చదవండి ఒకసారి."

"రోజూ చదువుతున్నానమ్మా" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత, "నువ్వు బాగానే కట్టుంటావులే. తప్పు నీది కాదు" అన్నారు.

నాది కాదని నాకు తెలుసు. ప్రత్యేకంగా చెప్పాలా?

ఫిబ్రవరి 25

కోపం తగ్గలేదు. చలికాలమంతా ఈ బేస్‌మెంట్‌లో కూర్చుని కట్టాను. పై గదుల్లోని అమ్మాయిలు నయాగరా వెళ్తే నేను వెళ్లలేదు. ఇప్పుడు ఆపేద్దామట. పుస్తకం మళ్లీ తెరిచి మొదటి నుంచి చూశాను. ఒక్క అక్షరం తప్పు లేదు. ఒక్క వరుస చెదరలేదు. స్కేలు పెట్టి చూశాను.

ఇషిత, "ఆవిడకి నిజంగానే ఏమన్నా మతిమరుపేమోనే" అంది. ఉండొచ్చు. పాపం, వయసు. అంతకంటే ఏం కారణం ఉంటుంది?

మార్చి 4

సీతారామారావు గారు ఫోన్ చేశారు. ఆవిడకి తెలియకుండా గరాజ్‌లోంచి చేస్తున్నానన్నారు. ఆయన ఎప్పుడూ ప్రొఫెసర్ లాగే మాట్లాడతారు, ఈ రోజు అలా మాట్లాడలేదు.

"ఆవిడ మెమరీ క్లినిక్‌కి రెఫరల్ పెట్టించుకుంది వర్షా. స్టేజీ మీద చదవనని సభ వాళ్లకి చెప్పేసింది. రాత్రి నాతో ఏమందో తెలుసా? నలభై ఏళ్లు ఇంకొకళ్ల మెలకువ నా చేతిలో పెట్టుకున్నాను, నాది జారిపోతుంటే నాకు తెలీదా అంది."

"అంకుల్, మిగతా విషయాల్లో ఎట్లున్నరు?"

"అదేనమ్మా నాకు అర్థం కానిది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి మా పెళ్లికి ఎవరెవరు రాలేదో అన్నదాకా అన్నీ గుర్తే. నా కంప్యూటర్లోంచి నేను చదివి వినిపిస్తే తప్పులు కూడా పట్టుకుంటుంది. తను చదువుకుంటే మాత్రం అర్థం కావట్లేదంటోంది."

వచ్చే శనివారం వస్తానని చెప్పాను. పుస్తకం తప్పు లేదని ఎదురుగా కూర్చుని చూపిస్తాను. అందుకే వెళ్తున్నాను.

మార్చి 5

నిన్న చివర రాసింది పూర్తి నిజం కాదు. ఆవిడ కోసం కూడా వెళ్తున్నాను.

మార్చి 11. లండన్

వాళ్లింట్లో పై గదిలో కూర్చుని రాస్తున్నాను. ఉండిపొమ్మన్నారు, ఉండిపోయాను. జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

సీతారామారావు గారు బస్టాండుకి వచ్చి తీసుకెళ్లారు. పద్మిని గారు డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నారు. పెద్ద లైటు, చిన్న స్టాండు, దాని మీద ఈ-రీడర్. పెసరట్లు పెట్టారు. ముందు తినమన్నారు. నేను తినకుండానే, "మీరు చదువుతుంటే నేను వింటాను ఆంటీ" అన్నాను. పరీక్ష పెట్టడానికి వచ్చినట్టే అన్నాను. ఆవిడ నన్నొకసారి చూసి, అంటే మొహాన్ని కాస్త పక్కకి తిప్పి చూసి, "సరే" అన్నారు.

స్టేజీ మీద చదవాలనుకున్న పేజీయే తెరిచారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి రైతు ఆపరేషన్‌కి వచ్చి, మత్తిచ్చేముందు మీ ఇండియన్‌లో ఏమైనా మాట్లాడండి, వింటూ నిద్రపోతానంటాడు. ఈవిడ తన ఊరి గురించి తెలుగులో చెబుతారు. ఆ పేజీ నాకు దాదాపు నోటికొచ్చు.

ఆవిడ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. "ఆపరేషన్‌కు. ఆయన. తిరిగి. ఏమైనా. డాక్టర్." ఆగారు. వేలు మళ్లీ పైకి తీసుకెళ్లి, "ముందు. నావైపు. ఇండియన్‌లో. మాట్లాడండి. అన్నాడు" అని చదివారు. చదివి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "చూశావా" అన్నారు.

నేను లేచి ఆవిడ వెనక్కి వెళ్లి, ఆవిడ భుజం మీదుగా స్క్రీన్ చూశాను.

అక్షరం అన్నిటికంటే పెద్ద సైజులో ఉంది. వరుసకి రెండే మాటలు పడుతున్నాయి. ఆ రెండు మాటల్లో ఒకటి ఎడమ అంచుకి, ఒకటి కుడి అంచుకి అంటుకుని ఉన్నాయి. రెండంచులూ తిన్నగా ఉండాలని నేనే చెప్పాను కదా, ఉన్నాయి. మధ్యలో పైనుంచి కింద దాకా తెల్లటి ఖాళీ. పేజీ అచ్చం న్యూస్‌పేపర్లో రెండు కాలమ్స్ లాగా ఉంది. ఆవిడ పేపరు చదివినట్టే చదువుతున్నారు. ముందు ఎడమ కాలమ్ కింద దాకా, తర్వాత కుడి కాలమ్.

"ఆపరేషన్‌కు ముందు ఆయన నావైపు తిరిగి, ఇండియన్‌లో ఏమైనా మాట్లాడండి డాక్టర్ అన్నాడు" అని నేను అడ్డంగా చదివాను.

ఆవిడ స్క్రీన్ దగ్గరికి వంగారు. "మళ్లీ చదువు" అన్నారు. మళ్లీ చదివాను.

"మధ్యలో అంత ఖాళీ ఉంది ఆంటీ. రెండు మాటలూ ఒకే వరుసలోవి."

"ఖాళీ ఉందని నాకు తెలీలేదమ్మా. నాకెప్పుడూ మధ్యలో ఏమీ కనపడదు కదా" అన్నారు.

ఈ మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

ఎడమ బొమ్మ నొక్కలేదా అని అడిగాను. అడిగేటప్పటికే నాకు సమాధానం తెలుసు.

"నొక్కాను. లో విజన్ క్లినిక్‌లో అమ్మాయి అదే చెప్పింది, ఎడమ అంచు పట్టుకుని చదవండి, కుడి అంచు ఎలా ఉంటే అలా ఉండనివ్వండి అని. నా మిగతా పుస్తకాలన్నీ అలాగే పెట్టుకున్నాను. నీ పుస్తకంలో ఎన్నిసార్లు నొక్కినా మారలేదు. వేలు కూడా సరిగ్గా పడట్లేదేమో అనుకున్నాను."

ఆవిడ ఇక్కడ కూర్చుని నొక్కుతూ ఉన్నారు. నేను అక్కడ బేస్‌మెంట్‌లో కూర్చుని అదే బొమ్మ నొక్కి, కదల్లేదని సంబరపడ్డాను.

"మీ వేలు బానే ఉంది. మారకుండా నేనే కట్టేసిన" అన్నాను. అర్థమయ్యేలా మొత్తం చెప్పాను. ఇంపార్టెంట్ సంగతి కూడా చెప్పాను. ఎందుకు పెట్టావని ఆవిడ అడగలేదు. అడిగితే స్కేలు గురించి చెప్పాల్సి వచ్చేది. అక్కడ ఆ మాట ఎంత చిన్నగా ఉండేదో.

"అయితే నా బుర్ర బానే ఉందంటావా?"

"ఉందాంటీ. నా పనే బాలేదు."

ఆవిడ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. రెండూనేమో. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏవండీ, ఆ మెమరీ క్లినిక్ అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసెయ్యండి" అన్నారు.

"ఉండనివ్వు, నాకు పనికొస్తుంది" అన్నారాయన లోపల్నుంచి.

అక్కడే లాప్‌టాప్ తీసి కూర్చున్నాను. ప్రతి పేరాకీ విడిగా బిగించాను కాబట్టి ప్రతి పేరా దగ్గరా విప్పాలి. అధ్యాయాల పేర్లు మధ్యలో ఉంచాను. మిగతావాటికి ఏ అంచూ చెప్పలేదు. పుస్తకం ఊరుకుంటే చదివేవాళ్ల సెట్టింగ్ పనిచేస్తుంది. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసే అడ్డం పెట్టాను.

ఫైల్ ఎక్కించి, ఆవిడ చేతే ఎడమ బొమ్మ నొక్కించాను. ఒక్కసారికే మారింది. కుడి అంచంతా ఎగుడుదిగుడుగా అయిపోయింది. ఒక వరుస పొడుగు, ఒకటి పొట్టి, ఒక చోట ఒక్క మాటే. మా షాపులో ఇలాంటి కాగితం నాయన చెత్తబుట్టలో వేస్తాడు. నాకు చూడబుద్ధి కాలేదు, అందుకని ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ చదివారు. మొదట మెల్లగా, తర్వాత మామూలుగా. ఆ పేజీ అయ్యాక ఆగమన్నా ఆగలేదు. ఒక చోట వెనక్కి వెళ్లి ఒక వాక్యం రెండోసారి చదువుకుని, "ఇది బాగా రాశాను" అన్నారు. పెసరట్లు చల్లారిపోయాయి. సీతారామారావు గారు తలుపు దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

మార్చి 12

పొద్దున కాఫీ ఇస్తూ, "ఇందులో నీ పేరేదీ?" అన్నారు పద్మిని గారు. నేను పెట్టలేదన్నాను. కట్టినవాళ్ల పేరు లేని పుస్తకం తనకి వద్దన్నారు. తిరుగు బస్సెక్కేలోపు పెట్టాను. చివరి పేజీలో, ఒక్క వరుస.

ఈ పుస్తకంతో నేను గొప్పగా ఫీలవుతున్నానా? నిన్న రాత్రి లేదు. ఇవాళ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ గొంతు గుర్తు చేసుకుంటే, అవును, అవుతున్నాను. మొదటిసారి పోయిన గొప్ప కంటే ఇదే బరువుగా ఉంది.

నాయనకు ఏం చెప్పాలో తెలియట్లేదు.

మార్చి 19

నాయనకు చెప్పలేదు. పరీక్షలున్నాయి.

మార్చి 26

ఇషిత తన ఫోన్లో పుస్తకం తెరిచి, "ఇప్పుడు కుడివైపు ఎలకలు కొరికినట్టుంది" అంది. అక్షరం బాగా పెంచి, మళ్లీ చూడమన్నాను. చూసింది. పాత ఫైల్ కూడా అదే సైజులో చూపించాను. కాసేపు రెండూ మార్చి మార్చి చూసి, ఇంకేం అనకుండా అన్నం వడ్డించింది. మాట ఆపేసిందంటే ఇషిత ఒప్పుకున్నట్టే.

నాయనకు చెప్పలేదు.

ఏప్రిల్ 15. లండన్

నేను వెనక వరుసలో కూర్చున్నాను. ముందుకి రమ్మన్నారు, వెళ్లలేదు. ముందు కూర్చుంటే హాలు మొత్తం కనిపించదు.

కమ్యూనిటీ సెంటర్ హాలు నిండిపోయింది. ఒకవైపు రిటైరైన డాక్టర్లు, ఇంజినీర్లు పట్టుచీరలతో, కోట్లతో. ఇంకోవైపు మాలాంటి స్టూడెంట్లు, లండన్ కాలేజీల వాళ్లు, భోజనాల కోసమే వచ్చిన సంగతి దాచుకోకుండా కూర్చున్నారు. పిల్లల డాన్సులు అయ్యాక పద్మిని గారిని పిలిచారు. యాంకరింగ్ చేసే అబ్బాయి చెయ్యి అందించబోయాడు. ఆవిడ మైకు మాత్రం తీసుకున్నారు.

స్టాండు మీద ఈ-రీడర్ పెట్టుకుని, మొహం కొద్దిగా పక్కకి తిప్పి మొదలుపెట్టారు. "ఆపరేషన్‌కు ముందు ఆయన నావైపు తిరిగి, ఇండియన్‌లో ఏమైనా మాట్లాడండి డాక్టర్ అన్నాడు." హాల్లో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వు ఆగేదాకా ఆగి, తర్వాతి వరుస అందుకున్నారు. ఆవిడ వేలు ఎడమ అంచు వెంట మెల్లగా దిగడం వెనక వరుస నుంచి కూడా కనిపించింది. వరుస చివర ఎక్కడుందో ఆవిడకి అవసరం లేకపోయింది. మాట అయిపోయిన చోట వరుస అయిపోతోంది, వేలు మళ్లీ మొదటికి వస్తోంది.

ఒక పేజీ అన్నారు. పేజీ అయింది, ఆవిడ తిప్పారు. యాంకర్ అబ్బాయి వచ్చి పక్కన నిలబడ్డాడు, టైమ్ అయిందని. ఆవిడ చదవడం ఆపకుండానే కూర్చోమని చేత్తో సైగ చేశారు. అధ్యాయం మొత్తం చదివారు. రైతు నిద్రపోయేసరికి హాల్లో చప్పుడు లేదు. స్టూడెంట్ల వైపు కూడా లేదు, భోజనాల వాసన వస్తున్నా సరే.

చప్పట్లు కొడుతుంటే సీతారామారావు గారు వెనక్కి తిరిగి నన్ను వెతికారు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. చప్పట్లలో కొన్ని నావి కూడా, తీసుకున్నాను.

ఏప్రిల్ 16

పొద్దున నాయనకు కొత్త ఫైల్ పంపాను. ధైర్యం ఇవాళ ఉంది, రేపు ఉంటుందో లేదో.

ఏప్రిల్ 18

నాయన ఫోన్.

"బిడ్డా, కుడి అంచేమైంది?"

"ఇడిసిపెట్టిన నాయినా."

"ఎందుకు? మొన్నటిదాక మంచిగుండె గద."

చెప్పాను. పెద్దక్షరాలు, రెండు మాటలు, మధ్యలో ఖాళీ, ఆవిడ వేలు, ఆవిడ అన్న మాట. బొమ్మ నొక్కితే మారకుండా నేనే బిగించిన సంగతి కూడా. వెనకాల ప్రింటర్ చప్పుడు వినిపిస్తోంది. ఎవరో పెళ్లికార్డు గురించి అడుగుతున్నారు.

"సరే, మల్ల జేస్త" అని పెట్టేశాడు.

ఏప్రిల్ 19

చేయలేదు.

ఏప్రిల్ 21

అమ్మ ఫోన్ చేసింది. నాయన షాపులో ఎవరితోనూ మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడట. "ఏమన్నవే ఆయనను?" అంది. ఏమీ అనలేదన్నాను.

మాటతో అనలేదు, అంతే. నేను ఆయన అంచుని వదిలేశాను. ఆయన బతుకంతా ఆ అంచే. నాకు తెలిసే చేశాను, మళ్లీ చేయమన్నా చేస్తాను. అయినా దుఃఖంగా ఉంది.

ఏప్రిల్ 23

షిఫ్టుకి వెళ్తూ బస్సులో ఉండగా నాయన ఫోన్. బస్సు దిగేసి మాట్లాడాను. లేటయితే కానీలే.

"బిడ్డా, నా ఫోన్ల గా గీతల బొమ్మ దొర్కింది. ఒత్తిన. రెండు దిక్కుల సీదా అయింది."

"అవును నాయినా. మీకు గట్ల కావాలంటే గట్లనే పెట్టుకోవచ్చు."

"స్కేలు వెట్టి చూసిన. మంచిగున్నది." కొంచెం ఆగాడు. "మీ అమ్మ ఫోన్ల పెద్దక్షరాలు వెట్టి, ఎడమ దిక్కు బొమ్మ ఒత్తిచ్చిన. ఆమెకు గట్లనే మంచిగున్నదట. పొద్దటిసంది సదువుతనే ఉన్నది. కూర మాడగొట్టింది."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు, ఇంకేదో చెప్పాలని ఆగినట్టు తెలుస్తోంది.

"గని ఒక్క లైను మాత్రం ఏ బొమ్మ ఒత్తినా జరుగుతలేదు. ఆఖరి పేజీల. నా ఫోన్ల ఒత్తిన, మీ అమ్మ ఫోన్ల ఒత్తిన. కుడి అంచుకే కూసున్నది. తప్పు వడ్డదేమో చూసుకో."

ఏ వరుసో నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఏం లైను నాయినా?"

ఆయన చదివాడు. కళ్లద్దాలు సర్దుకున్న చప్పుడు కూడా వినిపించింది. "అక్షరాలు కూర్చినది వర్ష, శాంత గ్రాఫిక్స్, హుజూరాబాద్."

మా షాపులో ప్రతి పాంప్లెట్ కిందా కుడివైపు అంచుకి ఆనించి ఉండే వరుస అది. అక్కడ నాయన పేరు ఉంటుంది, ఇక్కడ నా పేరు ఉంది, అంతే తేడా.

"తప్పు వడలేదు నాయినా. అదొక్కటి నేనే బిగించిన. ఎవ్వరేం ఒత్తినా జరగదు."

అవతల డ్రాయరు తీసిన చప్పుడు, స్టీలు స్కేలు బల్లకి తగిలిన చప్పుడు వినిపించాయి.

"సీదా ఉన్నది బిడ్డా" అన్నాడు.